చిన్న ఇంజన్‌కి క్రాంక్ ఆయిల్ సీల్: నేను మార్చే పద్ధతి

పిస్టన్ తిప్పే షాఫ్టే క్రాంక్; అది ఇంజన్ బయటికొచ్చే చోట నూనె కారకుండా చుట్టూ ఆనుకుని ఉండే రింగు ఆయిల్ సీల్. నేను మొదటిసారి క్రాంక్ ఆయిల్ సీల్ మార్చింది ఒక చిన్న నీళ్ల పంపు ఇంజన్‌కి. కొత్త సీల్ వేసి, ఇక చుక్క కారదని గొప్పగా చెప్పి పంపించాను. మూడో రోజుకల్లా తిరిగొచ్చింది, కింద నల్లటి మరకతో. ఇంకో సీల్ వేశాను. అదీ కారింది. అప్పుడు గానీ బ్రీథర్ వైపు, అంటే ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే దారి వైపు, చూడాలని తోచలేదు. దాని పైపు ఎయిర్ క్లీనర్ కింద మడతపడి నలిగిపోయి ఉంది. పిస్టన్ దిగినప్పుడల్లా క్రాంక్ తిరిగే కేసులోని గాలికి పోయే దారి లేక, షాఫ్ట్‌కి ఆనే సీల్ అంచును (లిప్పును) ఎత్తుకుని నూనెతో సహా బయటికి వస్తోంది. రెండు మంచి సీళ్లు దండగయ్యాయి.

అందుకే ఇప్పుడు పానా పట్టే ముందు మూడు చూస్తాను. నూనె మట్టం గీత దాటి ఉందా, బ్రీథర్ పైపు తెరుచుకుని ఉందా, క్రాంక్ ఊగుతోందా. మూడోది ముఖ్యం. షాఫ్ట్ కొన పట్టుకుని పైకీ కిందికీ కదపండి. టకటకమని ఆడితే బేరింగ్ అరిగినట్టే, అలాంటి దానికి ఎంత మంచి సీల్ వేసినా నిలవదు. ముందువెనకలకు కొంచెం కదలడం మామూలే, దానికి కంగారు పడకండి. ఇంకో మాట: నూనె కనిపించిన చోటే కారుతోందని అనుకోవద్దు. పైన వాల్వ్ కవర్ దగ్గర కారినా జారి కిందికే వస్తుంది. శుభ్రంగా తుడిచి, ఐదు నిమిషాలు నడిపి, టార్చి వేసి చూడండి.

టూ స్ట్రోక్ ఇంజన్ అయితే లక్షణం వేరు. చుక్క కారదు, సీల్ గుండా గాలి లోపలికి లాగుతుంది. ఐడిలింగ్ తనంతట తానే పెరుగుతుంది, మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి ఇంజన్ వేడెక్కుతుంది. అలాగే వాడితే పిస్టన్ పట్టేస్తుంది.

సరే, సీలే పోయిందని తేలింది. ఇంజన్ చల్లారాక ప్లగ్ వైరు తీసేయండి, నూనె దించేయండి. పుల్లీ ఉన్న వైపు సీల్ అయితే పుల్లీ, దాన్ని షాఫ్ట్ మీద జారకుండా పట్టుకునే చిన్న ఇనుప ముక్క (కీ) తీస్తే సరిపోతుంది. మాగ్నెట్, అంటే అయస్కాంతం, గాలి రెక్కలు ఉండే చక్రం, ఉన్న వైపు సీల్‌కి ఆ మాగ్నెట్ ఊడాలి. దాని నట్టు విప్పేటప్పుడు రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి ఆపకండి, రెక్క విరుగుతుంది. నా దగ్గర హోల్డర్ లేనప్పుడు ప్లగ్ తీసి, కంప్రెషన్ స్ట్రోక్‌లో పిస్టన్ పైకి చేరుతుండగా ఆ రంధ్రంలోంచి మెత్తటి తాడు దూర్చి, కొన బయట ఉంచుతాను. పిస్టన్ తాడును ఒత్తుకుని ఆగిపోతుంది. మాగ్నెట్‌ను పుల్లర్‌తోనే లాగండి. ఊడగానే దాని చిన్న కీని డబ్బాలో వేసుకోండి, లేకపోతే ఎక్కడికో ఎగిరిపోతుంది.

పాత సీల్ తీసే ముందు అది ఎంత లోతున కూర్చుందో వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. సీల్ మీద ఉండే మూడు అంకెలు కూడా చూడండి. 25-40-7 అంటే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, అన్నీ మి.మీ.లలో. బాణం గుర్తు ఉంటే అది షాఫ్ట్ తిరిగే దిశ.

తీయడంలోనే చాలామంది ఇంజన్ పాడుచేస్తారు. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే షాఫ్ట్ మీద గీత పడుతుంది, ఆ గీతే కొత్త సీల్‌ని తినేస్తుంది. సీల్ రేకులో 2 మి.మీ. రంధ్రం వేసి, చిన్న స్క్రూ బిగించి, దాన్ని పట్టకారుతో లాగడం నా పద్ధతి. డ్రిల్ బిట్ కొనకి గ్రీజు రాస్తే ఇనుప రజను దానికి అంటుకుంటుంది. రేకు తెగిన మరుక్షణం ఆపేయండి, వెనకాల బేరింగ్ ఉంటుంది.

ఇప్పుడు షాఫ్ట్ మీద లిప్పు రాసుకున్న చోట గోరు నడపండి. గోరు తగులుకుంటే గాడి పడినట్టు. తేలిక గాడి అయితే 600 నంబరు ఎమరీ కాగితంతో షాఫ్ట్ చుట్టూ రుద్దండి, పొడుగునా వద్దు. రుద్దే ముందు బేరింగ్ వైపు గుడ్డ కప్పండి. లోతు గాడి అయితే కొత్త సీల్‌ని ఒక మి.మీ. ముందుకో వెనక్కో కూర్చోబెడితే లిప్పు కొత్త చోట ఆనుతుంది. ఎటు జరిపినా వెనకాల నూనె తిరిగే రంధ్రం మాత్రం మూసుకోకూడదు.

షాఫ్ట్ మీద కీ కూర్చునే గాడి అంచు కత్తిలాంటిది. ఒకసారి దాని మీదుగా సీల్ తోసి లిప్పు చీల్చుకున్నాను, ఇంజన్ స్టార్ట్ చేసేదాకా తెలియలేదు. అప్పటినుంచి షాఫ్ట్‌కి పల్చటి టేపు చుట్టి, దాని మీద నూనె రాసి ఎక్కిస్తున్నాను. లిప్పుకీ నూనె రాయండి. సన్న స్ప్రింగ్ ఉన్న వైపు ఇంజన్ లోపలికి, అంటే నూనె వైపుకి ఉండాలి. తిరగేసి వేస్తే గంటలోనే కారుతుంది.

బయటి వ్యాసం కన్నా కాస్త చిన్న సాకెట్‌నో పైపు ముక్కనో ఆనించి, చుట్టూ సమంగా చిన్న చిన్న దెబ్బలు కొట్టండి. ఒక పక్క దిగిపోతే రెండో పక్క కొట్టి సరిచేద్దామనుకోకండి, తీసి మళ్లీ మొదలుపెట్టండి. గట్టి దెబ్బకి లోపలి స్ప్రింగ్ ఊడుతుంది, బయటికి కనిపించదు. రాసుకున్న లోతు వచ్చాక ఆపి, టేపు లాగేయండి.

షాఫ్ట్ మీద మాగ్నెట్ కూర్చునే, కొనవైపు సన్నబడే భాగంలో నూనె తడి ఉండకూడదు. కీ పెట్టి, నట్టును మాన్యువల్‌లోని టార్క్‌కి (బిగింపు కొలతకి) బిగించండి. ప్లగ్‌కి కరెంటు ఇచ్చే కాయిల్‌ని కదిలించి ఉంటే దానికీ మాగ్నెట్‌కీ మధ్య గ్యాప్ కూడా చూడండి. చాలా చిన్న ఇంజన్లలో అది 0.3 మి.మీ. దగ్గరుంటుంది, అయినా మీ ఇంజన్ మాన్యువల్‌దే లెక్క. నూనె గీతదాకానే పోసి పది నిమిషాలు నడిపి, ఆపి, సీల్ కింద తెల్ల కాగితం ఒత్తి చూడండి. చల్లారాక నూనె మట్టం మరోసారి.