సర్వీస్ డిజైన్‌లో పీజీ: నల్లగొండ, పాలమూరు విద్యార్థులు ఎలా సిద్ధం కావాలి?

సర్వీస్ డిజైన్ అనగానే మొబైల్ యాప్ స్క్రీన్లు అందంగా గీయడమే అనుకుంటారు చాలామంది. స్క్రీన్ అందులో ఒక ముక్క మాత్రమే. ఆర్టీసీ బస్సులో మహిళలకిచ్చే జీరో టికెట్, మీసేవలో కుల ధ్రువీకరణ పత్రం, మహిళా సంఘాలు నడిపే ఐకేపీ సెంటర్లో వడ్ల కాంటా (తూకం), జిల్లా ఆస్పత్రిలో ఓపీ చీటీ ఇవన్నీ సర్వీసులే. మనిషి కౌంటర్ దాకా ఎలా వచ్చాడు, కౌంటర్ వెనక ఎవరెవరు ఏం చేస్తున్నారు, పని ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది? ఇది చూసి, కాగితం మీద పెట్టి, మార్పు ఆలోచించి, ఆ మార్పును చిన్నగా చేసి చూడటమే ఈ చదువు.

అందుకే బొమ్మలు గొప్పగా వేయడం రానంత మాత్రాన వెనక్కి తగ్గనక్కర్లేదు. బీకాం, బీఎస్సీ, బీటెక్, బీఏ ఎవరైనా రావచ్చు. రానిది నేర్చుకోవచ్చు, చూడటం అలవాటు లేకపోతేనే కష్టం.

కోర్సు పేరు కాదు, సిలబస్ చూడండి

ఈ రంగానికి మరీ పాత చరిత్ర లేదు. ఒక సర్వీసు మొదటి నుంచి చివరి దాకా ఎలా నడుస్తుందో చూపే సర్వీస్ బ్లూప్రింట్ అనే పటాన్ని 1980ల మొదట్లో లిన్ షోస్టాక్ ముందుకు తెచ్చారు. ఆమె డిజైనర్ కాదు, బ్యాంకింగ్ రంగం మనిషి. జర్మనీలోని కొలోన్‌లో 1995లో బిర్గిట్ మాగర్ ఈ సబ్జెక్టుకు తొలి ప్రొఫెసర్ అయ్యారు. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ 2012లో ఇందులో ఎంఏ మొదలుపెట్టింది.

మన దేశంలో సరిగ్గా ఈ పేరుతో పీజీ కోర్సులు అరుదు. ఎక్కువచోట్ల ఇది ఎం.డెస్ (మాస్టర్ ఆఫ్ డిజైన్) లోపల ఒక పేపరుగానో, ఒక స్టూడియో ప్రాజెక్టుగానో ఉంటుంది. ఐఐటీ బొంబాయిలో 1969 నుంచి ఉన్న డిజైన్ స్కూల్ ఐడీసీలో ఇంటరాక్షన్ డిజైన్, గాంధీనగర్ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో స్ట్రాటజిక్ డిజైన్ మేనేజ్‌మెంట్ దీనికి దగ్గరి దారులు. మనకు దగ్గర్లో చూస్తే సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది. ఎన్ఐడీకి ప్రిలిమ్స్, మెయిన్స్‌తో సొంత పరీక్ష ఉంది, ఐఐటీల ఎం.డెస్ ప్రవేశ పరీక్ష సీడ్ రాస్తే అది రాసినట్టు కాదు.

ఏది మంచిదో తేల్చుకోవడానికి కాలేజీ ర్యాంకులు వెతకడం కన్నా ఆ విభాగం విద్యార్థులు చివరి ఏడాది చేసిన మూడు ప్రాజెక్టులు తెరిచి చూడండి. మూడూ స్క్రీన్లతోనే అయిపోతే అది యాప్ డిజైన్ కోర్సు. సిబ్బంది పని, కాగితాలు, క్యూలు, నియమాలు వాటిలో కనబడితే మీరు వెతుకుతున్నది అదే. సిలబస్‌లో ఫీల్డ్ వర్కుకు ఎన్ని వారాలిచ్చారో కూడా చూడండి. ప్రైవేటు సంస్థల బ్రోషర్లలో పేరు పెద్దగా ఉండి, ఫీల్డ్ వర్కు మాత్రం ఒక్క వారం ఉండటం మామూలే.

సీడ్ పరీక్ష: ఎప్‌సెట్ (పాత ఎంసెట్) లెక్క ఇక్కడ పనికిరాదు

ఐఐటీల ఎం.డెస్‌కు దారి సీడ్. ఐఐటీ బొంబాయి నిర్వహిస్తుంది, హైదరాబాద్‌లో సెంటర్ ఉంటుంది. మామూలుగా అక్టోబరు, నవంబరుల్లో దరఖాస్తులు, జనవరిలో పరీక్ష. ఇంటర్ తర్వాత కనీసం మూడేళ్ల డిగ్రీ పూర్తయినవాళ్లు, చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు రాయవచ్చు. వయసు పరిమితి లేదు, ఎన్నిసార్లైనా రాయవచ్చు. స్కోరు మాత్రం ఒక్క ఏడాదే చెల్లుతుంది.

పరీక్ష మూడు గంటలు. పార్ట్ ఏ గంటసేపు కంప్యూటర్ మీద, పార్ట్ బీ రెండు గంటలు కాగితం మీద. పార్ట్ ఏలో కటాఫ్ దాటినవాళ్ల పార్ట్ బీ మాత్రమే దిద్దుతారు. చివరి స్కోరులో పార్ట్ ఏకు 25 శాతం, పార్ట్ బీకి 75 శాతం. అంటే పార్ట్ ఏ దాటాలి, మార్కులు పార్ట్ బీలో తెచ్చుకోవాలి. మన దగ్గర చదివినవాళ్లు దీన్ని తిరగేస్తారు. రీజనింగ్ పుస్తకాలు ఆరు నెలలు చేసి, బొమ్మల సాధన చివరి నెలకు వదిలేస్తారు.

పార్ట్ బీకి ఐదు ప్రశ్నలు, 120 నిమిషాలు. సాధనలో ఒక్కోదానికి 20 నిమిషాలే పెట్టుకోండి, పరీక్షలో మిగిలే సమయం రాతకు కావాలి. రోజూ గంట చాలు, కానీ బయట కూర్చుని వేయాలి. నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్‌లోనో, జడ్చర్ల బస్టాండులోనో కూర్చుని మనుషుల్ని గీయండి. సంచి ఎత్తుకున్న మనిషి, టికెట్ కోసం వంగిన మనిషి, పిల్లాణ్ని చంకనేసుకుని ఫారం నింపుతున్న తల్లి. ముఖం పోలిక అక్కర్లేదు, చేసే పని తెలియాలి. ఫోన్లో ఫోటో చూసి వేస్తే లోతు, కోణం ముందే చదునుగా వచ్చేస్తాయి, కన్ను నేర్చుకోదు. వారానికి ఒకసారి ఏదో ఒక పనిని ఆరు గడుల్లో వరుస బొమ్మలుగా చెప్పడం సాధన చేయండి.

పార్ట్ ఏలో అంకె టైపు చేసే ప్రశ్నలకు నెగటివ్ మార్కులు ఉండవు, అవి ఖాళీగా వదలొద్దు. మిగతా రకాల్లో ఊహించి రాస్తే కోత పడుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. సీడ్ ర్యాంకు వచ్చాక ఎప్‌సెట్‌లా అందరికీ కలిపి కౌన్సెలింగ్ ఉండదు. ప్రతి సంస్థకూ విడిగా దరఖాస్తు పెట్టాలి. ఒక్కోదానికి ఒక్కో గడువు, ఒక్కో ఇంటర్వ్యూ, కొన్నిచోట్ల అదనంగా డిజైన్ పరీక్ష, పోర్ట్‌ఫోలియో (మీరు చేసిన ప్రాజెక్టుల పుస్తకం). మంచి ర్యాంకు వచ్చి, పిలుస్తారని ఇంట్లో ఎదురుచూస్తూ గడువు దాటబెట్టుకునేవాళ్లు ఉంటారు. ఫలితాల రోజే గడువుల పట్టిక రాసుకోండి.

పోర్ట్‌ఫోలియో: వడ్ల సెంటర్ కన్నా మంచి పాఠం దొరకదు

ఇంటర్వ్యూ చేసేవాళ్ల ముందుకు ఫుడ్ డెలివరీ యాప్ రీడిజైన్లు కుప్పలుగా వస్తాయి. దక్షిణ తెలంగాణలో ఉండి అదే పని చేయడం చేతిలో ఉన్నది వదులుకోవడమే. మిర్యాలగూడ చుట్టూ మిల్లులున్నాయి, ఊరూరా కొనుగోలు కేంద్రాలు పడతాయి. రైతు, మహిళా సంఘం, హమాలీ, లారీ, మిల్లు, సర్కారు ఇంతమంది కలిసి నడిపే సర్వీసు మరొకటి అంత దగ్గరగా కనబడదు.

సమయం ముందు చూసుకోండి. సీడ్ జనవరిలో, యాసంగి కొనుగోళ్లు ఏప్రిల్, మే నెలల్లో. మూడేళ్ల డిగ్రీ అయితే రెండో ఏడాది చివరి వేసవే సరైన అదను. సెమిస్టర్ పరీక్షలు అడ్డొస్తే వానాకాలం పంట కొనే రోజులున్నాయి, కానీ అప్పుడు సీడ్ సాధన కూడా మీదపడుతుంది.

సెంటర్ నిర్వాహకురాలి దగ్గరికి వెళ్లి, కాలేజీ ప్రాజెక్టు అని, ఎవరి పేర్లూ రాయనని చెప్పి అనుమతి అడగండి. ప్రిన్సిపాల్ సంతకంతో ఒక లెటర్ ఉంటే అందరికీ ధైర్యం. అది లేకుండా ఫోన్ తీసి ఫోటోలు మొదలుపెడితే మిమ్మల్ని విలేకరి అనుకుంటారు, ఆ తర్వాత ఎవరూ నిజం చెప్పరు.

రెండు పూర్తి రోజులు చాలు: ఒకటి రద్దీ రోజు, ఒకటి ఖాళీ రోజు. మొదటిరోజు ప్రశ్నలొద్దు. ఒక కుప్పను ఎంచుకుని దానికి ఏం జరుగుతుందో గడియారం చూసి రాయండి. వడ్లు ఎప్పుడొచ్చాయి, తేమ ఎన్నిసార్లు చూశారు, ఎంత చూపించింది (17 శాతం దాటితే మళ్లీ ఆరబోయాలి), గన్నీ సంచులు ఎప్పుడందాయి, కాంటా ఎప్పుడయింది, లారీ కోసం ఎంతసేపు సంచులు అక్కడే ఉన్నాయి.

రెండో రోజు పది మందితో మాట్లాడండి. అందులో ఐదుగురు రైతులు, వాళ్లలో ఒక కౌలు రైతు తప్పకుండా ఉండాలి. పట్టా పాసుబుక్కు వేరొకరి పేరున ఉంటే నమోదు, డబ్బులు ఎటు తిరుగుతాయో అతనే చెప్పగలడు. మిగతావాళ్లు ఇద్దరు హమాలీలు, నిర్వాహకురాలు, ఒక లారీ డ్రైవరు, ఒక ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి). "మీకేం కావాలి?" అని అడగొద్దు. అడిగితే అందరూ "డబ్బులు తొందరగా పడాలె" అనే అంటారు, అది మీకు ముందే తెలుసు. "పోయిన యాసంగిల వడ్లు తెచ్చిన్నాటి నుంచి ఏమేమైందో చెప్పు పెద్దనాయినా" అనండి. జరిగింది చెప్పేటప్పుడు మనుషులు తేదీలు, పేర్లు, గొడవలు అన్నీ చెప్తారు. తరుగు లెక్కల దగ్గర గొంతు మారుతుంది, అక్కడ ఆగి వినండి.

ఇప్పుడు బ్లూప్రింట్. నాలుగు చార్టు షీట్లు అడ్డంగా అతికించండి. అడ్డంగా కాలం, సుమారు 12 నుంచి 15 మెట్లు. నిలువుగా ఐదు వరుసలు: చేతిలోకి వచ్చే వస్తువులు (టోకెన్, చీటీ, ట్రక్ షీట్, మెసేజ్), రైతు చేసే పని, రైతుకు కనబడే సిబ్బంది పని, కనబడని సిబ్బంది పని, అన్నిటికీ అడుగున ఆధారంగా ఉండే వ్యవస్థ (ట్యాబ్ ఎంట్రీ, మిల్లు కేటాయింపు, లారీ కాంట్రాక్టు, బ్యాంకు). వరుసల మధ్య మూడు గీతలు. రైతుకూ సిబ్బందికీ మధ్యది లైన్ ఆఫ్ ఇంటరాక్షన్, కనబడేదానికీ కనబడనిదానికీ మధ్యది లైన్ ఆఫ్ విజిబిలిటీ, సిబ్బందికీ వెనక వ్యవస్థకూ మధ్యది లైన్ ఆఫ్ ఇంటర్నల్ ఇంటరాక్షన్. ప్రతి మెట్టు కింద పట్టిన సమయం రాయండి, ఆగినచోట ఎర్ర చుక్క పెట్టండి.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు రూల్ బుక్కులో ఎలా జరగాలో అది గీయడం. ఒక్క రైతు, ఒక్క కుప్ప, నిజంగా జరిగింది మాత్రమే గీయాలి. రెండో తప్పు అందరి అనుభవాలూ కలిపి ఒకే పటంలో పోయడం. కౌలు రైతుది వేరే షీటు.

సరిగ్గా గీస్తే పటమే మాట్లాడుతుంది. రైతు కోపమంతా నిర్వాహకురాలి మీద ఉంటుంది, ఎర్ర చుక్కలు మాత్రం చాలావరకు అడుగు వరుసలో పడతాయి: లారీ రాలేదు, మిల్లులో దించుకోలేదు, మిల్లు నుంచి లెక్క తేలలేదు కాబట్టి ఎంట్రీ కాలేదు. ఆమెకు కూడా ఆ సమాచారం అందదు. ఈ సంగతి మాటల్లో కాక పటంలో చూపించగలిగితే ఇంటర్వ్యూలో సగం పని అయినట్టే.

పరిష్కారం అనగానే యాప్ గీయకండి. ఒక నల్లబల్ల తీసుకుని, ఈరోజు ఏ టోకెన్ నంబర్ల దాకా కాంటా, ఏ లారీ ఏ మిల్లులో ఏ దశలో ఉంది అని సుద్దముక్కతో రాసి, నిర్వాహకురాలి ఒప్పుకోలుతో సెంటర్లో పెట్టండి. పెట్టకముందు ఒక గంటలో "నా కాంటా ఎప్పుడు?" అని ఎందరు అడిగారో గీతలు పెట్టుకోండి, పెట్టాక అదే వేళలో మళ్లీ లెక్కించండి. తేడా రాకపోయినా పర్వాలేదు. అంకెలు పెద్దగా లేవు, చదవలేకపోయారు, మధ్యాహ్నం దాకా ఎవరూ మార్చలేదు వంటి కారణం రాయండి. పనిచేయని నమూనాను నిజాయితీగా చూపినవాళ్లను ప్యానెళ్లు గుర్తుపెట్టుకుంటాయి.

పోర్ట్‌ఫోలియోలో ఇలాంటివి మూడు చాలు, మొత్తం 15 నుంచి 20 పేజీలు. వడ్ల సెంటర్‌కు ఏడెనిమిది పేజీలిచ్చి మిగతావి చిన్నగా ఉంచండి. గద్వాల, నారాయణపేట చీరల ఆర్డరు నేతగాడి దగ్గరికి ఎలా చేరుతుందో ఒకటి, సోమవారం ప్రజావాణిలో ఇచ్చిన అర్జీ తర్వాత ఎటు పోతుందో ఒకటి చేయవచ్చు. ముఖాలు కనబడే ఫోటోలు, ఫోన్ నంబర్లు, పాసుబుక్కు వివరాలు తీసేయండి.

ఇంటర్వ్యూ ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు వ్యాకరణం గురించి భయపడటం కన్నా బ్లూప్రింటును మూడు నిమిషాల్లో వేలు పెట్టి చూపిస్తూ చెప్పడం సాధన చేయాలి. ఐకేపీ, కాంటా, తరుగు అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు, ఒక్కోదానికి ఒక్క వాక్యం సిద్ధం చేసుకోండి.

విదేశాలకైతే

రాయల్ కాలేజ్ కాక, డెన్మార్క్‌లో ఆల్బోర్గ్ యూనివర్సిటీ కోపెన్‌హాగన్ క్యాంపస్‌లో సర్వీస్ సిస్టమ్స్ డిజైన్, ఇటలీలో పాలిటెక్నికో ది మిలానోలో ప్రొడక్ట్ సర్వీస్ సిస్టమ్ డిజైన్, అమెరికాలో సవానా కాలేజ్ ఆఫ్ ఆర్ట్ అండ్ డిజైన్‌లో సర్వీస్ డిజైన్ ఉన్నాయి. కొన్నిచోట్ల డిజైన్‌లోగానీ దగ్గరి సబ్జెక్టులోగానీ డిగ్రీ ఉండాలంటారు. బీకాం, బీఏ వాళ్లు ఫీజు కట్టకముందే అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ రాసి జవాబు చేతిలో పెట్టుకోవాలి. కన్సల్టెన్సీ మాట దానికి బదులు కాదు.

డబ్బు విషయంలో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీలకు విడిగా పథకం ఉన్నాయి. సాయం 20 లక్షల వరకు, కుటుంబ వార్షికాదాయం 5 లక్షల లోపు ఉండాలి. చిక్కు ఎక్కడంటే ఈ పథకాలకు అర్హమైన దేశాల జాబితా, కోర్సుల జాబితా ఉంటాయి. మీ ఆఫర్ లెటర్లో ఉన్న కోర్సు పేరు ఆ జాబితాలోని ఏ విభాగం కిందికి వస్తుందో జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో ముందే అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఆదాయ ధ్రువీకరణ పత్రం తాజాగా తీయించుకోండి, పాతది పెట్టి వెనక్కి రావడం తరచూ జరిగేదే.

సీటు వచ్చాక

మొదటి సెమిస్టర్ స్టూడియోలో గ్రూపు పని ఎక్కువ. డిజైన్ డిగ్రీ చేసివచ్చినవాళ్ల చేతివేగం చూసి చాలామంది ముడుచుకుపోతారు. ఫీల్డ్‌కు వెళ్లి మనుషులతో మాట్లాడే పని ముందుగా మీ మీద వేసుకోండి, బొమ్మల వేగం ఏడాదిలో దానంతటదే వస్తుంది. థీసిస్‌కు మన జిల్లాల్లోని ప్రభుత్వ సర్వీసు ఎంచుకుంటే కలెక్టరేట్, సంబంధిత శాఖ అనుమతికి వారాలు పడుతుంది. విభాగం లెటర్ హెడ్ మీద ఏం చూస్తారు, ఎన్ని రోజులు, ఏ సమాచారం తీసుకోరు అన్నవి ఒక్క పేజీలో రాసి, సెమిస్టర్ మొదలవకముందే ఇన్‌వార్డులో ఇచ్చి, ముద్ర వేసిన నకలు తెచ్చుకోండి.