చీలమండ బెణికిన తరువాత వ్యాయామానికి ముందు జాగ్రత్తలు

దెబ్బ తగిలినప్పుడూ, ఆ తరువాత వైద్యుడు పరీక్షించేటప్పుడూ 4 అడుగులు వేయలేకపోయినా, చీలమండకు ఇరువైపులా ఉబ్బెత్తుగా కనిపించే ఎముకల వెనుక అంచును నొక్కితే నొప్పి పుట్టినా, వ్యాయామం కంటే ముందు ఎక్స్‌రే తీయించాలి. వరంగల్‌లో ఎంజీఎం వంటి పెద్దాసుపత్రి ఉండగా, ఎముక సంగతి తేలకముందే పసరు కట్టు వేయించుకుని పాదాన్ని లాగించుకోవడం తగదు.

మొదటి 48 గంటలు మర్దన, వేడి కాపడం వద్దు. మంచును గుడ్డలో చుట్టి 15–20 నిమిషాలకు మించకుండా పెట్టుకోవచ్చు కానీ, మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు దాని జోలికి పోకూడదు.

ఫిజియోథెరపిస్టు చూపిన వ్యాయామాన్ని నొప్పి మాత్ర వేసుకున్న వెంటనే చేయకండి. ఎక్కడ ఆగాలో చెప్పేది ఆ నొప్పే. స్వల్పమైన నొప్పి సహజమే అయినా, మరునాటి ఉదయానికి వాపు గానీ నొప్పి గానీ పెరిగితే ముందటి రోజు శ్రమ ఎక్కువైందని గ్రహించి తగ్గించాలి. ఒంటికాలిపై నిలబడే సాధనను చాలామంది తేలికగా తీసుకుంటారు గానీ, మళ్లీ బెణకకుండా కాపాడేది ముఖ్యంగా అదే. దానిని గోడ పక్కన, పొడి నేలపై చేయాలి. తడిసిన షాబాదు బండలపై అసలు వద్దు.

వాపు తగ్గినంత మాత్రాన లోపలి లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) గట్టిపడినట్లు కాదు కనుక, ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసేవారు, పొలం గట్లపై నడిచేవారు పనిలోకి దిగే ముందు ఫిజియోథెరపిస్టును అడగాలి.

పిక్క వాచి ఎర్రబడినా, ఆయాసం వచ్చినా వ్యాయామం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.