వానకు మిస్సింగ్, ఎండకు మామూలు: బైకు ప్లగ్ వైరు చూసుకోవడం, మార్చుకోవడం

రాత్రంతా వాన పడితే పొద్దున బండి కిక్కుకు పలకదు. పలికినా రేసు ఇస్తే దగ్గుతుంది, గేరు వేస్తే ఆగిపోతుంది. ఎండ కాసేసరికి ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. షెడ్డుకు తీసుకెళ్తే అక్కడ రోగం కనబడదు. మెకానిక్ కార్బురేటర్ విప్పి కడుగుతాడు, కొత్త ప్లగ్గు వేస్తాడు, మళ్ళీ వాన పడేదాకా అందరూ హాయిగా ఉంటారు.

ఇలాంటి బండిలో చూడాల్సింది కాయిల్ (నిప్పుకు కావాల్సిన ఓల్టేజీ పుట్టించే భాగం) నుంచి ప్లగ్గు దాకా వచ్చే నల్లటి లావు వైరు. ఇంకా చెప్పాలంటే దాని రెండు కొసలు. వైరు నడుమ భాగం చెడిపోవడం తక్కువ. ప్లగ్గు తల మీద కూర్చునే క్యాప్ బిగించిన చోటా, కాయిల్‌లోకి దూరే చోటా చెడిపోవడమే ఎక్కువ. అది తెలియక మంచి వైరు పారేసి రంగురంగుల కొత్త వైరు కొనేవాళ్ళే చాలామంది.

ఈ వైరులో పారే కరెంటు కొంచెమే కానీ ఓల్టేజీ పది, ఇరవై వేల ఓల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు మొన దగ్గర సందు దాటి దూకడానికి అంత కావాలి. దారిలో రబ్బరు పగిలి అక్కడ తడి చేరితే, సందు దాటే కష్టం మానేసి అక్కడి నుంచే ఇంజన్ బాడీకి ఎర్త్ అయిపోతుంది. బరువు లాగేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి సందు దాటడం ఇంకా కష్టమవుతుంది. స్లోలో బాగానే ఉన్న బండి ఇద్దరెక్కి ఘాట్ ఎక్కేటప్పుడు మిస్సింగ్ కొట్టడానికి కారణం ఇదే.

ముందు వైరు తప్పు కానివి తీసేయండి

పది కిలోమీటర్లు పోయాక ఆగి, ట్యాంకు మూత తెరిచి మూయగానే స్టార్టయితే అది మూతలో గాలి రంధ్రం పూడుకుపోవడం. వైరు జోలికి పోవద్దు. వేడెక్కాక ఆగి, అరగంట చల్లారితే మళ్ళీ నడిస్తే కాయిల్ మీదో, నిప్పు ఎప్పుడు పడాలో సంకేతమిచ్చే పల్సర్ కాయిల్ మీదో అనుమానపడాలి. వానలో తడిసిన కార్బురేటర్ బండికి బౌల్ (పెట్రోలు నిలిచే గిన్నె) కింద డ్రెయిన్ స్క్రూ వదులు చేసి కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి పట్టండి. అడుగున నీటి బొట్లు కనబడితే దోషం అక్కడుంది.

తడిస్తేనే మిస్సింగ్

వానతో పాటు వాటర్ సర్వీసింగ్ కూడా ఈ కోవలోకే వస్తుంది. ప్రెషర్ పంపు పెట్టి ఇంజన్ హెడ్ మీద కొడితే ప్లగ్గు గుంతలో నీళ్ళు నిలుస్తాయి. క్యాప్ కింది రబ్బరు గట్టిపడి పగిలి ఉంటే ఆ నీళ్ళు నేరుగా ప్లగ్గు తెల్ల పింగాణీని తాకుతాయి.

కనిపెట్టే ఉపాయం సులువు. చీకటి పడ్డాక బండిని ఆరుబయట నిలబెట్టి, దగ్గర్లో లైట్లన్నీ ఆర్పి, ఇంజన్ స్లోలో నడవనివ్వండి. పెట్రోలు ఎక్కడా కారడం లేదని ముందే చూసుకోవాలి. మొక్కలకు కొట్టే స్ప్రే సీసాతో వైరు పొడవునా, క్యాప్ మెడ దగ్గరా, కాయిల్ దగ్గరా సన్నగా నీళ్ళు చల్లండి. లీకున్న చోట సన్నటి నీలి గీతలు ఇంజన్ వైపు పాకుతాయి, చిటచిటలు వినిపిస్తాయి, అదే క్షణంలో ఇంజన్ తడబడుతుంది. చేయి మాత్రం పెట్టవద్దు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఈ పరీక్ష దరిదాపులకే రాకూడదు.

గీతలు క్యాప్ నుంచి వస్తే క్యాప్ ఒక్కటి మార్చితే చాలు. వైరు ఒంటి మీద నుంచి వస్తే వైరు మార్చాలి. టేపు చుట్టడం ఇంటికి చేరేదాకా పనికొస్తుంది, అంతే. మామూలు ఇన్సులేషన్ టేపు ఇంత ఓల్టేజీకి తట్టుకోదు.

గుంతలో పడితే, హ్యాండిల్ తిప్పితే కట్

ఇది కొస వదులైన లక్షణం. క్యాప్ లోపల చెక్కలోకి దించే స్క్రూ లాంటి మొన ఉంటుంది, అది వైరు రాగి పోగుల్లోకి దిగి పట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి వేడికీ అదురుకీ ఆ చోట రాగి నల్లబడి, పచ్చబారి, పొడిపొడి అవుతుంది. క్యాప్‌ను ఎడమ వైపు తిప్పి విప్పండి. కొస పాడై ఉంటే ఐదారు మిల్లీమీటర్లు పదునైన కట్టర్‌తో నేరుగా కోసి, మెరిసే రాగి కనబడ్డాక క్యాప్‌ను తిరిగి కుడి వైపు బిగిగా తిప్పి ఎక్కించండి. లాగితే ఊడకూడదు. చాలా బండ్లకు ఈ పైసా ఖర్చు లేని పనితోనే సరిపోతుంది. అయితే వైరు ప్లగ్గు దాకా చేరేంత పొడవు మిగలాలి.

క్యాప్ తీసినప్పుడే ప్లగ్గు తల మీది చిన్న నట్టు కూడా చూడండి. కొన్ని క్యాపులు నట్టుతో పట్టుకుంటాయి, కొన్నింటికి నట్టు తీసేసి మర మీదే ఎక్కించాలి. నట్టు కావాల్సిన చోట అది చేతితో తిరిగేంత వదులుగా ఉంటే మిస్సింగ్ వస్తూ పోతూ ఉంటుంది. నోస్ ప్లయర్‌తో మెల్లగా బిగిస్తే సరి. కొత్త ప్లగ్గు వేసిన మర్నాటి నుంచే మిస్సింగ్ మొదలైతే మొట్టమొదట చూడాల్సింది ఈ నట్టునే.

మీటరు చెప్పేది, చెప్పనిది

మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి విడిగా క్యాప్‌ను కొలవండి. లోపల రెసిస్టర్ (కరెంటును కొంత అడ్డుకునే ముక్క) ఉన్న క్యాప్ అయితే సాధారణంగా 5 కిలో ఓమ్‌ల దగ్గర చూపాలి. అసలేమీ చూపకపోతే లోపలి రెసిస్టర్ తెగిందని అర్థం. రాగి పోగుల వైరు దాదాపు సున్నా చూపుతుంది. కాయిల్ విలువ మాత్రం బండిని బట్టి మారుతుంది, సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెతోనే పోల్చాలి.

ఒక సంగతి గుర్తుండాలి. మీటరు పంపేది కొద్ది ఓల్టులే. ఆ కొద్ది ఓల్టులకు రబ్బరు పగులు అడ్డం రాదు, తేడా కనబడదు. అందుకే మీటరు బాగుందన్న వైరు వానలో చతికిలబడుతుంది. తెగిందా లేదా అన్నది మీటరు చెబుతుంది, కారుతోందా అన్నది స్ప్రే సీసా చెబుతుంది.

కొనేటప్పుడు

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్లా, ఊళ్ళో స్పేర్ పార్టుల దుకాణాల్లోనూ ప్లగ్ వైరు అంటే రకరకాలవి ముందు పెడతారు. రంగు చూసి, లావు చూసి ఎంచుకోవద్దు. చూడాల్సింది లోపలి తీగ. కోసిన కొసలో రాగి పోగులు కనబడాలి. కార్లకు వాడే వైర్లలో చాలావాటికి లోపల కార్బన్ పూసిన దారం ఉంటుంది. దానికి కొసలో లోహపు తొడుగు నొక్కి బిగిస్తారు. స్క్రూ మొన ఉన్న బైకు క్యాప్‌ను ఆ దారంలోకి తిప్పితే దారం చితికిపోతుంది, పట్టు ఉండదు. నాలుగు రోజులు నడిచి మళ్ళీ మొదటికొస్తుంది. లావు సిలికాన్ వైరు వేస్తే పికప్ పెరుగుతుందని చెబితే నమ్మొద్దు. వైరు పని కాయిల్ ఇచ్చినదాన్ని కారకుండా చేర్చడమే.

బైకులకు ఎక్కువగా 7 మి.మీ. వైరు సరిపోతుంది. 8 మి.మీ. తెస్తే పాత క్యాప్ మెడలోనూ కాయిల్ రంధ్రంలోనూ పట్టకపోవచ్చు. పాత ముక్క చేతిలో పట్టుకెళ్ళి పక్కన పెట్టి చూసుకోండి. పై తొడుగు సిలికాన్‌దైతే వేడికి మెరుగు. క్యాప్ కొనేటప్పుడు నిటారుగా ఉండేదా, వంపు తిరిగినదా, ప్లగ్గు నట్టుతో పట్టేదా, మరతో పట్టేదా అన్నవి కూడా పాతదానితో సరిపోవాలి.

రెసిస్టర్ లేని క్యాప్ వేస్తే నిప్పు బలంగా వస్తుందని కొందరు సలహా ఇస్తారు. పాయింట్లతో నిప్పు పుట్టించే పాత బండికి అది చెల్లిందేమో గానీ ఇప్పుడు చెల్లదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6 (పొగ నిబంధన) బైకుల్లో దాదాపు అన్నింటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్, దాన్ని నడిపే చిన్న కంప్యూటర్ ఈసీయూ ఉన్నాయి. ప్లగ్ వైరు నుంచి లేచే విద్యుత్ గోల ఈసీయూను తికమక పెట్టగలదు. ప్లగ్గు విషయమూ అంతే. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గు కోడ్‌లో ఆర్ అక్షరం ఉంటే రెసిస్టర్ ఉన్నదని. కంపెనీ ఇచ్చిన జత ఏదో అదే వేయండి.

బిగించడం

ఇంజన్ చల్లారాక, తాళం ఆపి మొదలుపెట్టండి. కాయిల్ చాలా బండ్లలో ట్యాంకు కింద ఉంటుంది. ముందు కాయిల్ కొస చూడండి. మూత తిప్పి విప్పేలా ఉంటే వైరు బయటకు వస్తుంది, కొత్తది పూర్తిగా లోపలికి, అడుగు తగిలేదాకా దించి బిగించాలి. వైరు కాయిల్‌తో కలిసి పోత పోసినట్టు ఉంటే లాగొద్దు, లాగితే కాయిల్ పోతుంది. రోజువారీ కమ్యూటర్ బండ్లలో ఎక్కువ ఈ రకమే. వీటికి కొస కోసి కొత్త క్యాప్ వేయడం, వైరే పోయి ఉంటే కాయిల్ మొత్తం మార్చడం. నడుమ అతికే జాయింట్లు దొరుకుతాయి కానీ తడికి మొదట లొంగేది ఆ అతుకే.

పొడవు పాతదానంతే కోయండి. సైలెన్సర్ పైపుకూ, సిలిండర్ రెక్కలకూ తగలకుండా, ట్యాంకు కింద నలగకుండా పోవాలి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి ఎక్కడా లాగడం లేదని చూడండి. వైరును కట్టే ప్లాస్టిక్ ట్యాగును రబ్బరు నలిగేంత బిగించొద్దు. క్యాప్ రబ్బరు లోపల అంచుకు సిలికాన్ గ్రీజు పలుచగా రాస్తే నీళ్ళు దూరవు. మామూలు గ్రీజు రాయకూడదు, రబ్బరు ఉబ్బిపోతుంది. ఎలుకలు కొరికిన వైరైతే కొత్తది వేసే ముందు పక్కనున్న సన్న వైర్లు కూడా చూడండి, అవి ఒక్కటే కొరికి ఊరుకోవు.

పల్సర్ లాంటి రెండు ప్లగ్గుల బండిలో ఒక వైరు పోయినా ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, పికప్ తగ్గి పెట్రోలు ఎక్కువ తాగుతుందంతే. ఏది పోయిందో చూడ్డానికి నడుస్తున్న ఇంజన్ మీద క్యాప్ పీకొద్దు. షాక్ కొడుతుంది, దూకడానికి దారి లేక కాయిల్ కూడా దెబ్బతినొచ్చు. ఇంజన్ ఆపి, ఒక క్యాప్ తీసి, అందులో పాత ప్లగ్గు గుచ్చి, దాని మర హెడ్‌కు గట్టిగా తగిలేలా కట్టి, ఆపైన స్టార్ట్ చేయండి. రెండో ప్లగ్గు ఒక్కదానితో ఇంజన్ లేవకపోతే ఆ రెండో వైపే దోషం.