నానోజెల్ వార్త చూసి పరిగెత్తే ముందు ఇవి కనుక్కోండి

మా బాబాయికి గ్లయోబ్లాస్టోమా, అంటే మెదడులో వచ్చే క్యాన్సర్ గడ్డ, అని తేలినప్పటినుంచి మా కావలి చుట్టాలు వాట్సాప్‌లో పంపేది ఒకటే, "నానోజెల్ అని వచ్చిందంట, గడ్డ కరిగిపోద్దంట, యాడ దొరుకుద్దో కనుక్కోరా" అని. మీ ఇంట్లోనూ ఇదే నడుస్తుంటే ముందు అసలు సంగతి అర్థం చేసుకోండి.

రొయ్యల చెరువులోకి నీళ్లు పెట్టేటప్పుడు పైపు మూతికి సన్నటి వల సంచి కడతారు కదా, మెదడు రక్తనాళాలకీ అట్టాంటి కాపలా ఉంటది, చాలా కీమో మందులు దాన్ని దాటలేవు. నానోజెల్ అంటే నీళ్లు పీల్చుకుని ఉబ్బే పాలిమర్ రేణువు, వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు, లోపల మందు పెట్టి ఆ కాపలా దాటించి గడ్డ దగ్గర మెల్లిగా వదలాలని ప్రయత్నం. ఆలోచన గొప్పదే, నాకూ ఆశ ఉంది.

కానీ వార్తలో మొదట చూడాల్సింది ఎలుకల మీదా మనుషుల మీదా అని. 2023లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ల జెల్‌తో ఎలుకలన్నీ బతికాయని వచ్చింది, అది ఆపరేషన్ చేసిన చోట నింపే జెల్, రక్తంలోకి ఎక్కించే నానోజెల్ కాదు, పైగా ఎలుకలు.

మనుషుల మీద ట్రయల్ ఉందంటే సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) వెబ్‌సైట్లో జబ్బు పేరు కొట్టి వెతకండి, రిజిస్టర్ నంబర్ లేకపోతే నమ్మొద్దు. ట్రయల్ మందుకి లక్షలు కట్టమంటే లేచి వచ్చేయండి. ఉందని తేలితే అది ఎన్నో ఫేజు (ట్రయల్ దశ), మా వాళ్లకి సరిపోద్దా అని మీ ఆంకాలజిస్టునే (క్యాన్సర్ డాక్టర్నే) అడగండి.

ఈలోపు ఈ గడ్డకి ఇచ్చే కీమో క్యాప్సూల్ టెమోజోలమైడ్ మాత్రం సొంతంగా ఆపొద్దు. ఖాళీ కడుపుతో, క్యాప్సూల్ విప్పకుండా, నమలకుండా నీళ్లతో మింగాలి, వాంతుల మాత్ర డాక్టర్ చెప్పిన టైముకి ముందే వేయాలి. బాబాయికి మింగడం కష్టమని పిన్ని ఒకరోజు క్యాప్సూల్ విప్పి మజ్జిగలో కలపబోయింది, ఆ పొడి చేతికి తగిలినా, పీల్చినా ప్రమాదమే, చూసి ఆపాను కాబట్టి సరిపోయింది.

ఇంకోటి, ఎంఆర్ఐ ఫిల్ము ఒక్కటే కాదు సీడీ కూడా తీసుకోండి, బయాప్సీ రిపోర్టులో ఎంజీఎంటీ, ఐడీహెచ్ (గడ్డ ముక్క మీద చేసే జన్యు పరీక్షలు) ఉన్నాయో లేదో చూడండి, ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలో పారఫిన్ బ్లాక్ (మైనంలో దాచిన గడ్డ ముక్క) అడిగి దగ్గర పెట్టుకోండి. మాకెవరూ చెప్పలా, చెన్నైదాకా పోయినాక బ్లాక్ ఏదన్నారు, బాబాయిని అక్కడే లాడ్జిలో పడుకోబెట్టి నేను ఆ రాత్రికే వెనక్కి రైలెక్కాల్సొచ్చింది.