కరవడానికి సిద్ధంగా ఉండే టారంటులాను చేయి పెట్టకుండా పెంచడం ఎలా?

ఆరెంజ్ బబూన్ టారంటులా అనగానే ఏళ్ల తరబడి సాలీళ్లు పెంచినవాళ్లు కూడా కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. కెన్యా, టాంజానియాల నుంచి అంగోలా, జింబాబ్వేల దాకా ఆఫ్రికాలో కనిపించే సాలీడు ఇది. శాస్త్రీయ నామం టెరినోకైలస్ మ్యూరినస్. పెంచేవాళ్లు ముద్దుగా ఓబీటీ అంటారు. కాళ్లు చాపితే 10 నుంచి 15 సెంటీమీటర్లు ఉంటుంది. ఒళ్లంతా నిప్పు రంగు, వీపు మీద నల్లటి చారలు. అమెరికా, యూరప్‌లలో పెంపుడు జంతువుల ఎక్స్‌పోలకు వెళ్తే చాలా చవగ్గా దొరుకుతుంది, ఎందుకంటే పెంపకంలో పిల్లల్ని తేలిగ్గా పెడుతుంది. రంగు చూసి మనసు పడి కొనేస్తారు. ఇంటికి తెచ్చి మూత తీశాక అసలు టెన్షన్ మొదలవుతుంది.

మొదటి రెండు జతల కాళ్లు పైకెత్తి, ఒళ్లు వెనక్కి వాల్చి, కోరలు రెండూ విప్పి నిలబడుతుంది. కోరల కింద ఎర్రటి వెంట్రుకలు కూడా కనబడతాయి. ఇంకా దగ్గరికి వెళ్తే ముందు కాళ్లతో నేలను టపటపా కొడుతుంది, బుసలాంటి చప్పుడు చేస్తుంది. చూసేవాళ్లకు అది కోపంలా ఉంటుంది. నిజానికి అది భయం. దానికి చూపు చాలా తక్కువ. ఒంటి మీది వెంట్రుకలకు తగిలే గాలి, నేల అదురు, వీటితోనే ప్రపంచాన్ని తెలుసుకుంటుంది. అమెరికా ఖండాల టారంటులాల్లో చాలావాటికి దురద పుట్టించే వెంట్రుకలు ఉంటాయి, వాటిని విదిలించి శత్రువును తరిమేస్తాయి. ఆఫ్రికా, ఆసియా జాతులకు ఆ ఆయుధం లేదు. వాటికి ఉన్నవి వేగం, కాటు మాత్రమే.

“దీన్ని చేతిలోకి తీసుకోవడం ఎలా?” అని చాలామంది అడుగుతారు. తీసుకోకూడదు. టారంటులా మచ్చిక కాదు, యజమానిని గుర్తుపట్టదు, చేతి మీద కూర్చోవడం వల్ల దానికి ఒరిగేదేమీ లేదు. పైగా నడుము ఎత్తు నుంచి కింద పడితే పొట్ట పగిలి చచ్చిపోవచ్చు. ఇలాంటి సాలీడును సురక్షితంగా పెంచడం అంటే పెట్టెను సరిగ్గా అమర్చుకోవడం, పనిముట్లు వాడటం, మూత వీలైనంత తక్కువ తీయడం. కింద చెప్పేదంతా ఆ మూడింటి గురించే.

కొనేముందు

ఆడ ఓబీటీ పదేళ్లకు పైగా బతుకుతుంది. మగది పెద్దదయ్యాక ఎక్కువ కాలం ఉండదు. అద్దె ఇంట్లో ఉంటే అగ్రిమెంట్‌లో ఇలాంటి జంతువులకు అనుమతి ఉందో లేదో చూసుకోండి. అపార్ట్‌మెంట్‌లో పెస్ట్ కంట్రోల్ ఎప్పుడు చేస్తారో ముందే కనుక్కోండి, పురుగుల మందు సాలీడును కూడా చంపేస్తుంది. దోమల మందులు, బొద్దింకల స్ప్రేలు, కుక్కకు రాసే గోమార్ల మందు, ఏదీ ఆ గదిలో వాడకూడదు.

అడవి నుంచి పట్టుకొచ్చినదాన్ని కొనకండి. ఎక్కడ, ఎవరి దగ్గర పుట్టిందో అమ్మేవాళ్లను అడగండి. తెలుగువాళ్లం ఈ విషయంలో ఇంకాస్త పట్టుదలగా ఉండాలి. ఓబీటీకి 1897లో పేరు పెట్టిన బ్రిటిష్ శాస్త్రవేత్త పొకాక్, రెండేళ్లకు 1899లో మన గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నీలి సాలీడుకు కూడా పేరు పెట్టాడు. అదే పీసిలోథీరియా మెటాలికా. రైలెక్కి వచ్చిన కలపతో పాటు అక్కడికి చేరి ఉంటుందని అంటారు. అది మళ్లీ కనబడటానికి వందేళ్లకు పైనే పట్టింది, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. ఇప్పుడది అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో ఉంది. విదేశాల్లో మాత్రం పెంపకందారుల దగ్గర బోలెడు ఉన్నాయి. మన అడవుల్లో ఏ టారంటులా కనబడినా ఫొటో తీసుకుని వదిలేయండి. అమెరికాలో ఉన్నవాళ్లు మరొకటి గమనించాలి: ఈ నీలి సాలీడు ఉన్న పీసిలోథీరియా ప్రజాతికే చెందిన ఐదు శ్రీలంక జాతులను అక్కడి ప్రభుత్వం 2018లో అంతరించిపోతున్న జాతులుగా ప్రకటించింది. వాటిని అనుమతి లేకుండా ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అమ్మడం నేరం.

పెట్టె అమర్చడం

పెద్ద ఓబీటీకి సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న గాజు లేదా అక్రిలిక్ పెట్టె సరిపోతుంది. ఇంకా పెద్దది అనవసరం. అడుగున కోకోపీట్ నింపండి, తోటపని చేసేవాళ్ల దగ్గర దొరికే కొబ్బరి పొట్టే. అందులో ఎరువు కలిసి ఉండకూడదు. కనీసం 12 నుంచి 15 సెంటీమీటర్ల లోతు ఉండాలి. నింపేటప్పుడు కాస్త తడిపి గట్టిగా అదమండి, పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి కానీ నీళ్లు కారకూడదు. అప్పుడే బొరియ కూలిపోకుండా నిలబడుతుంది. ఆ తర్వాత పైపొర ఎండిపోయినా ఫర్వాలేదు, ఓబీటీకి పొడి నేలే ఇష్టం.

ఒక మూల బెరడు ముక్క ఏటవాలుగా పెట్టి, దాని కింద వేలితో చిన్న గుంత చేసి వదిలేయండి. మిగతాది అదే తవ్వుకుంటుంది, పెట్టె నిండా తెల్లటి పట్టు పరుస్తుంది. ఎదురు మూలలో చిన్న నీళ్ల గిన్నె పెట్టండి. దాక్కునే చోటు, నీళ్ల గిన్నె ఒకదానికొకటి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. గిన్నె నింపడానికి మీరు మూత తీసేటప్పుడు సాలీడు రెండో చివర ఉంటుంది.

దాక్కోవడానికి లోతైన చోటున్న సాలీడు మూత తీయగానే లోపలికి పారిపోతుంది. అలాంటి చోటు లేనిది నిలబడి కరుస్తుంది. “మాది మరీ కోపిష్టిదండీ” అంటూ వచ్చే ఫొటోల్లో నాకు ముందు కనబడేది అడుగున రెండు వేళ్ల మందం కూడా లేని కోకోపీటే. లోతు పెంచితే ప్రవర్తన చాలావరకు మారిపోతుంది.

మూతకు తాళమో గట్టి క్లిప్పులో తప్పకుండా ఉండాలి. పొట్ట మెత్తగా ఉండి ఎంత సందులోనైనా దూరుతుంది, కాళ్లు మొలిచే గట్టి వీపు పెంకు మాత్రం నొక్కుకోదు. కాబట్టి ఏ కంతైనా ఆ పెంకు వెడల్పు కన్నా చిన్నదిగా ఉండాలి. ఇనప జాలీ మూత వద్దు, కాలి గోళ్లు అందులో ఇరుక్కుని కాలు ఊడిపోవచ్చు. పక్క గోడలకు చిన్న రంధ్రాలు ఉంటే గాలికి సరిపోతుంది. హీట్ ల్యాంప్ అక్కర్లేదు. 22 నుంచి 27 డిగ్రీలున్న మామూలు గది చాలు.

మేత, నీళ్లు

కొనాల్సిన పనిముట్లు మూడే: 30 సెంటీమీటర్ల పొడవున్న, కొసలకు రబ్బరు తొడుగున్న పట్టకారు, పొడుగు పిడి ఉన్న మెత్తటి పెయింట్ బ్రష్, సాలీడు కాళ్లు చాపినా పట్టేంత వెడల్పున్న పారదర్శక ప్లాస్టిక్ డబ్బా. రబ్బరు తొడుగు ఎందుకంటే, ఉత్త ఇనుమును కరిస్తే కోరలు విరుగుతాయి.

మూత తీసేముందు టార్చ్ వేసి సాలీడు ఎక్కడుందో చూడండి. కనబడకపోతే తీయకండి. కనబడితే సగం మాత్రమే తెరవండి, ముఖం దూరంగా ఉంచండి, లోపలికి ఊపిరి తగలనీయకండి. కాళ్లెత్తి నిలబడిందంటే ఆ రోజుకు పని అయిపోయినట్టే. మూత మెల్లగా మూసేసి మర్నాడు చూడండి. బ్రష్‌తో పొడిచి లొంగదీద్దామనుకుంటే మాత్రం అది బ్రష్ మీదుగా పరిగెత్తి మీ మోచేతి దాకా వస్తుంది, అంత వేగం దానిది.

పెద్ద సాలీడుకు వారం పది రోజులకు ఒక కీచురాయో, మేత కోసం పెంచే డూబియా బొద్దింకో చాలు. పురుగు సాలీడు పొట్ట కన్నా పెద్దదిగా ఉండకూడదు. తోటలో పట్టిన మిడతలు వేయకండి, వాటి ఒంట్లో మందు ఉండొచ్చు. ఒక్క రోజులో తినని పురుగును పట్టకారుతో తీసేయండి. నీళ్ల గిన్నెకు పొడుగు ముక్కున్న సీసా వాడితే చేయి పెట్టె అంచు దాటదు.

మేత మానేసి బొరియ నోరు పట్టుతో మూసేసిందంటే కుబుసం విడవబోతోందని అర్థం. కొన్నిసార్లు వెల్లకిలా పడుకుంటుంది. చచ్చిపోయిందని కంగారుపడి కదిలించకండి, ఆ సమయంలో చిన్న దెబ్బ తగిలినా బతకదు. కుబుసం విడిచాక కోరలు తెల్లగా ఉంటాయి, తర్వాత ఎర్రబడి, చివరికి నల్లబడి గట్టిపడతాయి. నల్లబడే దాకా పురుగు వేయొద్దు. పెద్ద సాలీడుకైతే ఇందుకు పది రోజులో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది.

పెట్టె మార్చడం

ప్రమాదాలు ఎక్కువగా జరిగేది ఇక్కడే. అందుకే ఏడాదికోసారి మార్చాలన్న నియమమేమీ పెట్టుకోకండి. సాలీడు పెరిగి పెట్టె చాలకపోతేనో, బూజు పట్టి బాగుచేయడానికి వీల్లేకపోతేనో మార్చండి.

పగటిపూట చేయండి, చీకటి పడ్డాక అది చురుగ్గా ఉంటుంది. బాత్రూమ్ మంచి చోటు. నీళ్లు పోయే కంత మూసి, కమోడ్ మూత వేసి, తలుపు కింద తువ్వాలు దూర్చండి. నేల మీదే కూర్చోండి, బల్ల మీద వద్దు. పెద్ద ప్లాస్టిక్ టబ్‌లో పాత పెట్టె, కొత్త పెట్టె పక్కపక్కన పెట్టుకోండి. పొడుగు చేతుల చొక్కా వేసుకుని చేతుల అంచులు రబ్బరు బ్యాండుతో బిగించండి. మందపాటి గ్లవ్స్ తొడిగితే చేతికి అంచనా తప్పుతుంది, పలచటివి కోరల్ని ఆపలేవు. రెండో మనిషి తప్పకుండా పక్కన ఉండాలి, కదలకుండా కూర్చోగలిగినవాళ్లు.

బయట కనబడుతుంటే డబ్బాను నిటారుగా, మెల్లగా దాని మీదికి దించండి. అంచు కింద కాలు పడకుండా చూసి, గట్టి అట్టముక్కను నేలకు ఆనించి కిందికి జరపండి. బొరియలో ఉంటే డబ్బా నోరు బొరియ నోటికి ఆనించి, వెనక వైపు మట్టిని మెల్లగా తవ్వుతూ బ్రష్‌తో వెనక కాళ్లను తాకండి. తాకి ఆగండి. అది రెండడుగులు వేస్తుంది, మళ్లీ ఆగుతుంది. మీరూ ఆగండి. అరగంట పట్టినా తొందరపడొద్దు. డబ్బాలోకి వచ్చాక అట్టతో సహా కొత్త పెట్టెలో బోర్లించి, అట్ట లాగేసి, డబ్బాను ఓరగా వదిలి మూత పెట్టేయండి. ఖాళీ డబ్బాను మర్నాడు పట్టకారుతో తీసుకోవచ్చు.

మధ్యలో పరుగు తీస్తే వెంటపడకండి. ఓబీటీ మెరుపులా పరిగెడుతుంది కానీ ఎక్కువసేపు పరిగెత్తలేదు, ఏదో ఒక మూల ఆగిపోతుంది. అప్పుడు డబ్బా బోర్లించండి. చేతి మీదికి ఎక్కితే విదిలించొద్దు, విదిలిస్తేనే కరుస్తుంది. చేతిని టబ్ మీదే కిందకి ఉంచి కదలకుండా ఉండండి. రెండో మనిషి దాని వెనక కాళ్లను బ్రష్‌తో తాకి టబ్‌లోకి దించాలి.

పిల్లలు, పెంపుడు జంతువులు

“నాన్నా, ఒక్కసారి ముట్టుకోనా?” అని పిల్లలు అడగకుండా ఉండరు. విడిచిన కుబుసాన్ని ఎండబెట్టి వాళ్ల చేతిలో పెట్టండి. కోరలతో సహా సాలీడు రూపమంతా అందులో ఉంటుంది. ఇది ఓబీటీకి మాత్రమే, అమెరికా జాతుల కుబుసం మీద దురద వెంట్రుకలు ఉంటాయి. పెట్టె మాత్రం తాళం వేసిన గదిలో, పిల్లలకు అందని చోట ఉండాలి. కుక్క, పిల్లి ఆ గదిలోకి రాకూడదు. ఆస్ట్రేలియాలో టారంటులాలు కరిచి కుక్కలు చనిపోయిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

కరిస్తే

మనుషులు చనిపోయినట్టు ఖాయంగా నమోదు కాలేదు కానీ, నొప్పి తేలిగ్గా తీసుకునేది కాదు. వాపు, చెమటలు, కండరాలు పట్టేయడం ఉంటాయి. ఆ పట్టివేతలు కొందరికి కొన్ని రోజుల తర్వాత మళ్లీ వస్తాయి. ముందు సాలీడు ఎక్కడుందో చూసి దాన్ని మూసేయండి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసేయండి. సబ్బుతో కడిగి, ఐసును గుడ్డలో చుట్టి పెట్టండి. కట్టు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం, పసరు పూయడం ఏవీ వద్దు. దీనికి విరుగుడు ఇంజెక్షన్ లేదు, లక్షణాలకే వైద్యం చేస్తారు. టెటనస్ ఇంజెక్షన్ గురించి డాక్టర్‌ను అడగండి. అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222. ఊపిరాడకపోయినా, గుండెలో నొప్పి వచ్చినా, ముఖం వాచినా, కండరాలు పట్టేసినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. సాలీడు శాస్త్రీయ నామం పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి అంటిస్తే ఆ కంగారులో గుర్తు తెచ్చుకోవాల్సిన పని ఉండదు.

దురద వెంట్రుకలున్న అమెరికా జాతులు పెంచేవాళ్లకు కంటి ప్రమాదం ఎక్కువ. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఒకాయన పెట్టె గాజు తుడుస్తుండగా చిలీ రోజ్ టారంటులా వెంట్రుకలు విదిలించింది. అవి కంటి నల్లగుడ్డులో దిగబడినట్టు డాక్టర్లు భూతద్దం పెట్టి చూశాకే తెలిసింది. అలాంటి జాతి ఉంటే కళ్లద్దాలు పెట్టుకుని శుభ్రం చేయండి. కంట్లో పడ్డాయనిపిస్తే నలపకుండా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇండియా ట్రిప్‌కు వెళ్లేటప్పుడు

సెలవులకు నెల రోజులు ఊరెళ్లాల్సి వస్తే పెద్ద ఓబీటీ గురించి దిగులు పడక్కర్లేదు. మేత లేకుండా నెల రోజులు హాయిగా ఉంటుంది, నీళ్లు మాత్రం ఉండాలి. బయల్దేరే ముందు వారం మేత వేసి, మిగిలిన పురుగుల్ని తీసేసి, కాస్త పెద్ద నీళ్ల గిన్నె పెట్టండి. ఇంటి తాళం ఫ్రెండ్‌కు ఇస్తే మూత తీయనవసరం లేకుండా పక్క రంధ్రం నుంచి సన్నటి ముక్కున్న సీసాతో గిన్నెలో నీళ్లు పోయడం చూపించండి. గిన్నెను ఆ రంధ్రం కిందే పెట్టి ఉంచండి. పెట్టె తాళంచెవి మాత్రం మీ వెంటే తీసుకెళ్లండి.