స్లైడ్‌లో చార్టు అక్షరాలు చెదిరిపోతే ఎక్కడ చూడాలి

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఒకే స్లైడ్ మీద మూడు లిపులు కనిపించడం మామూలే. శీర్షిక ఒడియాలో, చార్టులో పేర్లు తెలుగులో, సవర పిల్లల చదువుకి సంబంధించినదైతే అడుగున సవర భాష సొంత లిపి సొరాంగ్ సొంపెంగ్ అక్షరాలు. నాది ఇక్కడ జిరాక్స్, డీటీపీ షాపు. కాలేజీ ప్రాజెక్టులు, పొదుపు సంఘాల లెక్కలు, ఊరి సభల్లో చూపించే స్లైడ్లు అన్నీ నా దగ్గరికి వస్తుంటాయి. మామూలు వాక్యాలు బాగానే ఉంటాయి, చెడేది చార్టే. పేరు సాగిపోతుంది, లేదా మసకబారుతుంది, లేదా వత్తు సగం తెగిపోతుంది. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని ఆ పిల్లలకి పాఠాలు రాసిన ఊరిది. ఇక్కడి గూడెం పేరు తెర మీద ముక్కలై కనిపిస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

చాలామంది ముందు ఫాంట్ మారుస్తారు. అది తర్వాత సంగతి. ముందు చార్టు మీద ఒకసారి క్లిక్ చేసి, పవర్‌పాయింట్‌లో పైన కొత్తగా ఏ ట్యాబ్ వచ్చిందో చూడండి. ‘చార్ట్ డిజైన్’ అని వస్తే అది అసలు చార్టు. ‘పిక్చర్ ఫార్మాట్’ అని వస్తే అది బొమ్మ. ఆ రెండూ కాకుండా, డబుల్ క్లిక్ చేస్తే స్లైడ్ లోపలే ఎక్సెల్ గడులు తెరుచుకుంటే అది ఆబ్జెక్ట్. మూడూ చూడటానికి ఒకేలా ఉంటాయి, కానీ ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

బొమ్మ సంగతి ముందు చెప్తాను, ఎక్కువ గొడవ దానితోనే. “అన్నా, ఎక్సెల్‌లో బాగానే ఉంది, ఇక్కడికి రాగానే అక్షరాలు లావైపోయాయి” అంటుంది ఇంజనీరింగ్ చదివే అమ్మాయి. చార్టుని స్క్రీన్‌షాట్ తీసి పెట్టి, స్లైడ్ నిండా రావాలని పక్క అంచు పట్టుకుని లాగి ఉంటుంది. బొమ్మలో అక్షరం ఇక అక్షరం కాదు, చుక్కల గుంపు. అడ్డంగా లాగితే చుక్కలూ అడ్డంగా సాగుతాయి. బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి సైజు సెట్టింగులు తెరవండి. ఎత్తు, వెడల్పు శాతాలు వేర్వేరుగా ఉంటే సాగినట్టే. అక్కడే ఉన్న ‘రీసెట్’ నొక్కి, ‘లాక్ యాస్పెక్ట్ రేషియో’ టిక్ పెట్టి, ఇక మూల పట్టుకునే పెంచండి. సాగుడు పోతుంది గానీ మసక పోదు. మసక పోవాలంటే ఎక్సెల్‌కి తిరిగి వెళ్లి చార్టుని కాపీ చేసి తేవాల్సిందే.

తెచ్చేటప్పుడు నేరుగా కంట్రోల్ వి కొట్టకండి. స్లైడ్ మీద రైట్ క్లిక్ చేస్తే పేస్ట్ ఆప్షన్లలో అయిదు చిన్న గుర్తులు కనిపిస్తాయి. చివరిది బొమ్మ, అది వద్దు. ‘ఎంబెడ్ వర్క్‌బుక్’ అన్నది ఎంచుకుంటే చార్టు చార్టుగానే వస్తుంది, ఎంత పెంచినా అక్షరం పదునుగా ఉంటుంది. కానీ ఒక జాగ్రత్త. ఎంబెడ్ చేస్తే ఆ ఒక్క చార్టే రాదు, ఎక్సెల్ ఫైలు మొత్తం స్లైడ్ వెనక్కి వచ్చి కూర్చుంటుంది. పక్క షీట్‌లో సంఘం సభ్యుల పాస్‌బుక్ నంబర్లు ఉంటే, ఆ పీపీటీ అందిన వాళ్లెవరైనా ‘ఎడిట్ డేటా’ నొక్కి చూడొచ్చు. కాబట్టి చార్టుకి కావలసిన అంకెలు మాత్రమే కొత్త ఫైలులో పెట్టి, అక్కడ చార్టు గీసి తెచ్చుకోండి.

ఆబ్జెక్ట్ అయితే పాత పద్ధతిలో పెట్టిన ఫైలని అర్థం. దాన్ని బయట నుంచి లాగితే లోపలి అక్షరాలూ సాగుతాయి. సైజు సెట్టింగుల్లో ఎత్తు, వెడల్పు రెండూ వంద శాతం చేయండి. పెద్దది కావాలంటే డబుల్ క్లిక్ చేసి లోపలికి వెళ్లి పెంచండి. నన్నడిగితే దాన్ని తీసేసి మామూలు చార్టు పెట్టుకోవడమే మేలు.

స్లైడ్ కొలత కూడా ఒకసారి చూసుకోండి. 2010, అంతకు ముందు పవర్‌పాయింట్లలో 4:3 స్లైడ్‌ని 16:9 చేస్తే బొమ్మలన్నీ అడ్డంగా సాగేవి. 2013 నుంచి వెడల్పు స్లైడే మామూలైంది. పాత ఫైలులో బొమ్మలు అప్పుడే సాగిపోయి ఉంటే, ఇప్పుడు కొలత తిప్పి పెట్టినా అన్నీ సరికావు, ఒక్కోదాన్ని రీసెట్ చేసుకోవాలి.

ఇక అసలు చార్టే అయి ఉండి కూడా అక్షరాలు చెడితే, అప్పుడు ఫాంట్ దగ్గరికి రండి. మీ కంప్యూటర్లో బాగుండి, ఆఫీసు కంప్యూటర్లో పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తున్నాయంటే అవి అను ఫాంట్లలో కొట్టిన పేర్లు. ఒడియాకి అకృతి ఫాంట్లు కూడా అంతే. ఆ ఫాంట్ లేని చోట అసలు గుట్టు బయటపడుతుంది, ఎందుకంటే లోపల దాచినవి ఇంగ్లీషు కోడ్‌లే, తెలుగు బొమ్మ మాత్రం ఫాంట్‌ది. యూనికోడ్‌లోకి, అంటే తెలుగు అక్షరాన్ని తెలుగు కోడ్‌తోనే దాచే పద్ధతిలోకి, మార్చుకోవడమే దారి. అయితే స్లైడ్ మీద ఎంత వెతికినా ఆ పేరు దిద్దడానికి దొరకదు. చార్టులో ప్రతి పేరూ ఎక్సెల్ గడిలోంచి వస్తుంది. ‘ఎడిట్ డేటా’ తెరిచి, గడిలో యూనికోడ్‌లో మళ్లీ కొట్టండి, చార్టులో దానంతటదే మారుతుంది.

యూనికోడే అయినా ఫాంట్ లేకపోతే వేరే ఫాంట్ వచ్చి కూర్చుని పేర్లన్నీ జరిగిపోతాయి. గౌతమి, వాణి, ఒడియా కళింగ ఫాంట్లు పాత విండోస్‌లో ఉండేవి. విండోస్ 10 నుంచి అవి విడిగా వేసుకోవాల్సిన అదనపు ఫాంట్లలోకి వెళ్లిపోయాయి. అందుకే పాత ఫైలు కొత్త కంప్యూటర్లో తేడాగా కనిపిస్తుంది. మా ప్రాంతం వాళ్లకి నేను చెప్పేది నిర్మలా యూఐ. విండోస్ 8 నుంచి కంప్యూటర్‌తోనే వస్తుంది, తెలుగు, ఒడియా, సొరాంగ్ సొంపెంగ్ మూడూ దానిలోనే ఉన్నాయి. చార్టు అంచు మీద క్లిక్ చేసి హోమ్ ట్యాబ్‌లో ఫాంట్ మారిస్తే చార్టు మొత్తానికి పడుతుంది, ఒక్కో పేరూ పట్టుకోనక్కర్లేదు. వేరే అందమైన ఫాంటే కావాలంటే ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లో ‘ఎంబెడ్ ఫాంట్స్’ పెట్టండి. ఫాంట్ తయారుచేసిన వాళ్లు అనుమతిస్తేనే అది పనిచేస్తుంది.

తెలుగుకి ప్రత్యేకంగా వచ్చే కష్టం ఇంకొకటి ఉంది. ఇంగ్లీషుకి సరిపడే జాగా మనకి చాలదు. పైన గుడి, కింద వత్తు, రెండింటికీ చోటు కావాలి. ‘పర్లాకిమిడి’లో ‘ర్లా’ చూడండి, కింద ఉన్న లావత్తు తెగితే అది ‘రా’గా కనిపిస్తుంది, ఊరి పేరే మారిపోతుంది. తెర మీద చూపించే చార్టులో తెలుగు అక్షరం 16 పాయింట్ల కన్నా తగ్గించకండి. అక్షరాల మధ్య దూరం తగ్గించే సెట్టింగ్ మామూలుగానే ఉంచండి. నీడ, అవుట్‌లైన్, త్రీడీ ఏమీ వద్దు, అవి గుణింతాలని మింగేస్తాయి. ఎవరో పెట్టిన ఫైలు అయితే చార్టు మీద రైట్ క్లిక్ చేసి ‘రీసెట్ టు మ్యాచ్ స్టైల్’ నొక్కండి, అలంకారాలన్నీ ఒక్కసారిగా పోతాయి.

పేర్లు ఎక్కువై వాలిపోవడం కూడా ఇదే కోవలోది. మా గజపతి జిల్లా ఏడు బ్లాకులూ ఒక నిలువు చార్టు కింద పెట్టి చూడండి: గోసాని, కాశీనగర్, గుమ్మా, రాయగడ, నువాగడ, ఆర్. ఉదయగిరి, మొహనా. చోటు చాలక పవర్‌పాయింట్ అన్నిటినీ ఏటవాలుగా తిప్పేస్తుంది, ఆ వాలులో వత్తులు గరుకుగా, చదవడానికి వీల్లేకుండా వస్తాయి. ఫార్మాట్ యాక్సిస్‌లో ‘కస్టమ్ యాంగిల్’ సున్నా చేయొచ్చు గానీ అప్పుడు పేర్లు రెండు ముక్కలవుతాయి. అడ్డ పట్టీల చార్టుకి మార్చండి, ఏడు పేర్లూ ఎడమ పక్కన వరసగా, పూర్తిగా నిలబడతాయి. అప్పుడు రాయగడ పక్కన ‘బ్లాకు’ అని రాసుకోవడానికీ చోటుంటుంది, లేకపోతే చూసేవాళ్లు రాయగడ జిల్లా అనుకుంటారు. నిలువుగా రాసే శీర్షికకి ‘స్టాక్డ్’ వద్దు, 270 డిగ్రీలు తిప్పేదే పెట్టండి.

మీ దగ్గర అంతా బాగుండి ప్రొజెక్టర్ మీద మాత్రమే మసకగా ఉంటే ఫైలుని ముట్టుకోకండి. పాత ప్రొజెక్టర్లు చాలావాటి అసలు కొలత 1024×768. ల్యాప్‌టాప్ వేరే కొలతలో పంపితే అది కుదించి చూపిస్తుంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో ప్రొజెక్టర్ కొలతే ఎంచుకోండి. స్లైడ్ షో మొదలుపెట్టాకే అక్షరాలు చెదురుతుంటే, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో హార్డ్‌వేర్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపి చూడండి. కొన్ని కొత్త వెర్షన్లలో ఆ ఆప్షన్ కనిపించదు, అప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయాలి.

ఎక్కడ తెరుస్తారో తెలియని స్లైడ్ అయితే పీపీటీతో పాటు పీడీఎఫ్ కూడా ఇవ్వండి. ‘సేవ్ యాజ్’ లోంచే చేయండి. పీడీఎఫ్ తెరిచి 400 శాతం పెంచి చార్టులో ఒక వత్తుని దగ్గరగా చూడండి. అంచు నున్నగా ఉంటే సరే, మెట్లు మెట్లుగా ఉంటే ఆ చార్టు ఇంకా బొమ్మగానే ఉంది, మళ్లీ ఎక్సెల్ నుంచి తెచ్చుకోండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి.