చూడి గొర్రె మేత మానేసిందా? ముందు వెన్ను తడమండి

చూడి గొర్రె మందలో వెనకబడుతుంది. దాణా వాసన చూసి తల తిప్పుకుంటుంది, పళ్లు కొరుకుతుంది. జ్వరం ఉండదు. రెండు రోజులు పోతే కళ్లు కనబడనట్టు దడికి గుద్దుకుంటుంది, ఆ తర్వాత లేవదు.

ఎండాకాలంలో పలమనేరు నుంచి శ్రీకాళహస్తి దాకా నాకొచ్చే ఫోన్లు ఎక్కువగా ఈ జబ్బు గురించే. దీన్ని ప్రెగ్నెన్సీ టాక్సీమియా అంటారు, చూడి ఆఖర్లో తిండి చాలక వచ్చేది. "నట్టల మందు తాపినాం సార్" అంటారు. పొట్టేలు ఎప్పుడు దాటిందంటే మాత్రం జవాబుండదు. సంక్రాంతికి దాటితే సుమారు 150 రోజులకు, జూన్ రెండో వారంలో ఈనుతుంది. పిల్ల మూడింట రెండొంతుల పైన పెరిగేది ఆఖరి ఆరు వారాల్లోనే. అంటే సరిగ్గా మే ఎండల్లో, బీడులో గడ్డి పరక లేనప్పుడు.

మోసం చేసేది పొట్ట. కుండలా కనిపిస్తుంది కాబట్టి ఆకలి అనుకోం. లోపల సగం పిల్లలదే, మిగతా సగం వరిగడ్డి. నీళ్లు చాలకపోతే అదీ తినదు. మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. ఉన్న గ్లూకోజు పిల్లకు పోతుంది. తల్లి ఒంటి కొవ్వు కరిగి కాలేయానికి చేరి, రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగితే పుట్టే పదార్థాలు) పెరుగుతాయి. నేనూ ఒకసారి పొట్ట చూసి, అరగలేదేమో అనుకుని రెండు రోజులు పోగొట్టాను. చచ్చాక కోసి చూస్తే కాలేయం వెన్నలా పసుపు, వేలు పెడితే చితికిపోయింది. లోపల రెండు పిల్లలు.

అందుకే వెన్ను తడమండి. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని అడ్డం రాదు, ఎముక గుచ్చుకుంటే చిక్కిపోయిందని తెలిసిపోతుంది. బాగా కొవ్వు పట్టిన గొర్రె ఒక్కసారిగా మేత మానేసినా ఇదే గతి. నోరు పండిన పండు వాసన వేస్తుందేమో చూడండి. ముక్కు రంధ్రాలు కొన్ని క్షణాలు మూస్తే చాలావరకు మూత్రం పోస్తుంది, కీటోన్ స్ట్రిప్ ముంచండి. ఊదా రంగు తిరిగితే ఇక అనుమానం లేదు.

నిలబడి మింగగలిగితే ప్రొపిలీన్ గ్లైకాల్ (ఒంట్లో గ్లూకోజుగా మారే ద్రవ మందు) 60 మి.లీ. పొద్దున, సాయంత్రం తాపండి. బెల్లం నీళ్లు వద్దు. ఆ చక్కెర పెద్ద పొట్టలోనే పులిసిపోతుంది, రక్తానికి అందదు. పడిపోయిన దానికి నోట్లో ఏమీ పోయొద్దు, పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి. డాక్టరు నరంలో గ్లూకోజు పెడతారు. అవసరమైతే ముందే ఈనేలా సూది వేస్తారు. కాల్షియం తగ్గినా గొర్రె పడిపోతుంది గానీ, కాల్షియం ఎక్కించిన గంటా రెండు గంటల్లో లేస్తుంది. లేవకపోతే మళ్లీ కాల్షియమే పట్టుకుని కూర్చోవద్దు.

మెదడు జబ్బు, విషపు మొక్కలు అంటారా, మందలో ఒకేసారి నాలుగైదు పడితే అప్పుడు చూద్దాం.

వచ్చే ఈతకు పొట్టేలు దాటిన తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి. ఆఖరి ఆరు వారాలు రోజుకు పావు కిలో మొక్కజొన్న నూక, గుప్పెడుతో మొదలుపెట్టి పెంచండి. చెనిక్కాయ కట్టె ఉంటే వరిగడ్డి బదులు అదే వేయండి. నీళ్ల తొట్టి నీడలో పెట్టండి.